రెండు నెలల్లోపే తీర్పు ఎలా వచ్చింది?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక అమ్మగారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. "మేడమ్, పిల్లల మీద ఘోరం జరిగితే కోర్టుల్లో ఏళ్లూ పూళ్లూ పడుతుంది కదా. కంప్లయింట్ ఇస్తే మన పాప పేరు బయటపడటం తప్ప ఏం లాభం?" అప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. నేను చెప్పేది ఇంగ్లిష్ పాఠాలు, చట్టం కాదు. ఇంటికెళ్లి కొంత చదివాను. మిగిలింది ఏలూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా బాబాయిని అడిగి తెలుసుకున్నాను. ఆ జవాబే ఇది. చదవడానికి కష్టంగా ఉంటుంది, క్షమించండి.

2019 జూన్ 18 రాత్రి. వరంగల్ పక్కన హన్మకొండలో ఒక కుటుంబం డాబా మీద పడుకుంది. ఎండాకాలం మన ఇళ్లల్లో అందరం చేసే పనే. తల్లి పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పాపని ఒక యువకుడు ఎత్తుకుపోయి అత్యాచారం చేశాడు. పాప చనిపోయింది. ఆ ఏడాది ఆగస్టు 8న వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. అంటే రెండు నెలలు కూడా నిండలేదు.

ఇంత తొందరగా ఎలా అయ్యిందని బాబాయిని అడిగితే, "కోర్టు పరిగెత్తలేదమ్మా, ఇంట్లోవాళ్లు పరిగెత్తారు" అన్నారు. పాప కనిపించలేదని తెలియగానే బంధువులు వీధుల్లో పడి వెతికారు. అతన్ని ఆ రాత్రే పట్టుకున్నారు. పాపని ఆస్పత్రికి తీసుకెళ్లారు, పోలీసులొచ్చారు, పోస్ట్‌మార్టం జరిగింది. ఇలాంటి కేసులో ఒంటి మీద గాయాలు, బట్టలు, శాంపిళ్లు అన్నీ ఆ కొద్ది గంటల్లోనే దొరకాలి. తెల్లారితే సగం పోతాయి. అవి చేతిలో ఉంటే ల్యాబ్ రిపోర్టూ చార్జ్‌షీటూ తొందరగా తయారవుతాయి. తర్వాత మిగిలేది, చూసినవాళ్లు కోర్టులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పడం. నిందితుడి తరఫు లాయరు ఎన్ని అడ్డు ప్రశ్నలు వేసినా మాట మారకూడదు. నిందితుడికి లాయరు లేకపోతే ప్రభుత్వమే పెట్టాలి. "అలాంటివాడికి లాయరు ఎందుకు?" అని నేనూ అడిగాను. లాయరు లేకుండా వేసిన శిక్ష పై కోర్టులో నిలవదు అన్నారు.

ఆ ఏడాది నవంబరులో తెలంగాణ హైకోర్టు ఉరిని, చనిపోయేదాకా జైలుశిక్షగా మార్చింది. చాలామంది బాధపడ్డారు, నాకూ కోపం వచ్చింది. కానీ సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షని హైకోర్టు ఖాయం చేస్తేగానీ అమలు చేయకూడదన్నది చట్టంలోనే ఉంది. అక్కడ శిక్ష మారింది, నేరం చేశాడన్న తీర్పు మారలేదు.

అదే 2019లో నవంబరు 7న చిత్తూరు జిల్లా కురబలకోట మండలంలో ఇంకో ఘోరం జరిగింది. పెళ్లికి అమ్మానాన్నలతో వచ్చిన చిన్న పాపని కల్యాణమండపం నుంచే తీసుకుపోయి చంపేశారు. మండపంలో ఉన్న సీసీ కెమెరా పోలీసులకి దారి చూపించింది. 2020 ఫిబ్రవరి 24న చిత్తూరు కోర్టు ఉరిశిక్ష వేసింది. ఈ కేసు చదువుతుంటే నాకు మన పెళ్లిళ్లే గుర్తొచ్చాయి. తాడేపల్లిగూడెంలోనో కైకలూరులోనో ఫంక్షన్ హాలు నిండా చుట్టాలే. పిల్లలు బంతి దగ్గర నుంచి పార్కింగ్ దాకా పరుగులు పెడుతుంటారు. అమ్మ నాన్న దగ్గర ఉన్నారనుకుంటుంది, నాన్న అమ్మమ్మ దగ్గర ఉన్నారనుకుంటారు.

ఇక ఆ అమ్మగారి ప్రశ్నకి వస్తాను. పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకి తెలిసినవాళ్లేనని ప్రభుత్వ నేర రికార్డుల లెక్కలు ఏటా చెబుతున్నాయి. చుట్టం, పక్కింటాయన, ట్యూషన్ మాస్టారు, ఆటో అబ్బాయి. స్కూలు స్టాఫ్ కూడా, ఆ మాట మేమే ముందు ఒప్పుకోవాలి. అలాంటప్పుడు అర్ధరాత్రి ఎవరూ వెంటపడరు. పాపకి స్నానం చేయిస్తారు, బట్టలు ఉతికేస్తారు. పెద్దమనుషుల్ని కూర్చోబెడతారు. నెలలు గడిచాక ఎవరో ధైర్యం చేసి స్టేషన్‌కి వెళితే అప్పటికి సాక్ష్యం మిగలదు, సాక్షులు వెనక్కి తగ్గుతారు. మనం అనే ఆ "ఏళ్లూ పూళ్లూ"లో కొంత భాగం కోర్టు గుమ్మం ఎక్కకముందే మన ఇళ్లల్లో మొదలవుతుంది.

నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడ కాదు, వేరే స్కూల్లో, ఒకటో తరగతి పాప శనివారం వస్తే చాలు ఇంటికెళ్లనని బెంచీ పట్టుకుని ఏడ్చేది. క్యారేజీ ముట్టేది కాదు. బీఎడ్‌లో చైల్డ్ సైకాలజీ పేపరు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న నేను దాన్ని మొండితనం అనుకున్నాను. ఒకరోజు అనుమానం వచ్చి ఇన్‌చార్జికి చెబితే "వాళ్లింటి గొడవలు మనకెందుకు మేడమ్" అన్నారు. ఊరుకున్నాను. దసరా సెలవుల తర్వాత టీసీ తీసుకెళ్లిపోయారు. ఆ పాపకి ఏమైందో, అసలు ఏమైనా అయ్యిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

అప్పుడు నాకు చట్టం తెలియదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ నడిపేవాళ్లు దాస్తే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద, అనుమానం తప్పని తేలినా, కేసు ఉండదు.

పేరు బయటపడుతుందన్న భయం ఉంది కదా. పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, స్కూలు ఏవీ పత్రికలు వేయకూడదు. ఇందాక చెప్పిన ఇద్దరు పాపల పేర్లు నేను రాయనిది అందుకే. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిప్పేవాళ్లు కూడా ఇది గమనించాలి. పాపని స్టేషన్‌కి తిప్పక్కర్లేదు. మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వీలైనంత వరకు ఇంటికే వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుంటారు. కోర్టులో లాయర్లు పాపని నేరుగా అడగరు, ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే వెళ్తాయి. నిందితుడు పాపకి కనపడకుండా చూస్తారు. కోర్టు కేసు చేపట్టిన ముప్పై రోజుల్లో పాప సాక్ష్యం, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ పూర్తి కావాలని చట్టం అంటోంది. అన్నిచోట్లా అలా జరగడం లేదు, అది నిజమే. ఏలూరులో పోక్సో కేసులకి ప్రత్యేక కోర్టు ఉంది.

మీ పాపో బాబో ఏదైనా చెబితే ముందు నమ్మండి. వాళ్ల మాటల్లోనే తేదీతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టండి. పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకండి. బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమకి పాడవుతాయి. కొల్లేరు పక్క ఊళ్లవాళ్లకి ఇంకో తికమక ఉంటుంది. ఊరు ఒక జిల్లాలో, చేపల చెరువు ఇంకో జిల్లాలో, ఏ స్టేషన్ పరిధి అని. దగ్గర్లో ఏది ఉంటే అక్కడికే వెళ్లండి, జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని వాళ్లే పంపాలి. 1098కి, 112కి రాత్రయినా ఫోన్ చేయొచ్చు.

నాతో మాట్లాడాలనుకుంటే శనివారం స్కూలు వదిలాక స్టాఫ్ రూమ్‌లో ఉంటాను. ఒక్క విషయం మాత్రం ముందే చెబుతున్నాను. "మేడమ్, ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే ఇవ్వలేను. మీరు నాకు చెప్పాక, నేను కూడా పోలీసులకి చెప్పాల్సిందే.