జోరాసాంకో: నిలిచిన మేడ, కూలిన మేడ

కలకత్తా నగరంలో ఒకనాటి చిత్పూర్ రోడ్డు, నేటి రవీంద్ర సరణి, నుండి ద్వారకానాథ్ ఠాకూర్ సందులోనికి మళ్ళిన యాత్రికునికి ఎర్రని మేడలు దర్శనమిస్తాయి. అదే ఠాకూర్ల వంశగృహం. ‘జోరాసాంకో’ అనగా జోడు వంతెనలు. ఆ వంతెనలు ఏనాడో పోయినవి; పేరు మాత్రం మిగిలినది.

1784లో నీలమణి ఠాకూర్ పాథురియాఘాటలోని ఉమ్మడి కుటుంబం నుండి వేరుపడి ఇక్కడ ఇల్లు కట్టుకొన్నారు. ఆయన మనుమడు ద్వారకానాథ్ కాలంలో ఆ ఇంటి వైభవం పరాకాష్ఠనందుకొన్నది. రాణీగంజ్ బొగ్గు గనులు, కార్ ఠాకూర్ కంపెనీ, యూనియన్ బ్యాంకు ఆయన వ్యవహార దక్షతకు నిదర్శనాలు. అతిథుల విందుల కొరకు 1823లో పక్కనే ‘బైఠక్ ఖానా’ మేడను నిర్మింపజేశారు. పాత ఇల్లు ఆరవ నెంబరు, కొత్త మేడ అయిదవ నెంబరు.

1846లో ద్వారకానాథ్ లండనులో కన్నుమూశారు. అచిరకాలంలోనే కంపెనీ, బ్యాంకు రెండూ కూలినవి. ట్రస్టు క్రింద భద్రంగా ఉన్న ఆస్తిని సైతం ఋణదాతల ఎదుట ఉంచుటకు పెద్దకుమారుడు దేవేంద్రనాథ్ వెనుదీయలేదు. అప్పులన్నీ క్రమంగా తీర్చివేశారు. ఆయన బ్రహ్మసమాజ మార్గమవలంబించగా, తమ్ముని భార్య జోగమాయాదేవి కులదైవంతో సహా అయిదవ నెంబరు మేడకు తరలిపోయారు. ఆ విధంగా ఒక ఇల్లు రెండయినది.

రెండిండ్లలోనూ ప్రతిభ పుష్పించినది. ఆరవ నెంబరులో 1861 మే 7న రవీంద్రుడు జన్మించారు. అయిదవ నెంబరు దక్షిణపు వరండాలో గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ సోదరులు చిత్రకళకు నూతన శకాన్ని ఆరంభించారు.

1941 ఆగస్టు 7న రవీంద్రుడు తాను పుట్టిన ఇంటనే తుదిశ్వాస విడిచారు. అదే సంవత్సరం వృద్ధుడైన అవనీంద్రనాథ్ దక్షిణపు వరండాను విడిచి బరానగర్‌లోని మరొక ఇంటికి తరలవలసివచ్చినది. అయిదవ నెంబరు మేడ పరుల చేతులలోనికి పోయి, కూల్చివేయబడినది. ఆరవ నెంబరు ఇల్లు మాత్రం నిలిచినది. 1962లో అక్కడ రవీంద్ర భారతి విశ్వవిద్యాలయం వెలసినది. కవి తుదిశ్వాస విడిచిన గది నేడు మ్యూజియంలో భాగం.

ఒకే ఆవరణ, ఒకే వంశం, ఒకే నేల. ఒకటి నిలువగా మరొకటి ఎందుకు పడిపోయినది? ఇంజనీరుగా నేను నేర్చినదొకటే. సున్నము, ఇటుక వాటంతటవే భవనాన్ని కాపాడవు. దానికొక ప్రయోజనం ఉండాలి, బాధ్యత వహించే యజమాని ఉండాలి. ఆరవ నెంబరుకు ఆ రెండూ సకాలంలో లభించినవి. అయిదవ నెంబరుకు లభించలేదు.

మన ఊళ్ళలోనూ తాతల నాటి మండువా లోగిళ్ళున్నవి. వాటాదారులు నాలుగు ఊళ్ళలో, తాళం ఒక్కరి దగ్గర, పైకప్పు మరమ్మతు ఎవరికీ పట్టదు. ఈ సెలవులకు స్వగ్రామం వెళ్ళినపుడు వాటాల లెక్కకు ముందు, ఆ ఇంటిని దేనికి ఉపయోగింతుమన్న ప్రశ్నను పెద్దలతో కలిసి ఆలోచించండి. పడిపోయిన తరువాత ఎంతటి ఇంజనీరైనా చేయగలిగినది కొలతలు తీయడమే.