కారు వెనుక దీపము

కారు నడుపువారికి ముందు దీపములయందుండు శ్రద్ధ వెనుక దీపములయందు సాధారణముగ నుండదు. ముందు దీపము ఆఱిపోయినచో దారి కనబడదు గనుక ఆ రాత్రియే తెలిసిపోవును. వెనుకనున్న బ్రేకు దీపము ఆఱిపోయినచో మనకు లోటేమియు తోచదు. బండి యెప్పటివలెనే సాగును. బ్రేకు తొక్కిన నెప్పటివలెనే యాగును. లోటంతయు వెనుక వచ్చువానిది. చెడినది మన వస్తువు, ముందుగ నష్టపడువాడు పరాయివాడు. ఇంటిలోని మఱి యే సామగ్రియందును ఈ గుణము మాకు కనబడలేదు. అందుచేతనే ఈ చిన్న దీపమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి యొక్క సెకనులో సుమారు 17 మీటర్ల దూరము సాగును. ముందుబండి యాగుచున్నదని యెఱ్ఱవెలుగు చెప్పని యెడల, వెనుకవాడు రెండు బండ్ల నడుమ నెడము తగ్గుచుండుటను చూచి యా సంగతి తానై గ్రహింపవలయును. ఆ గ్రహించుటలో నొక్క సెకను జాగైనను 17 మీటర్ల నేల చేజారినట్లే. మా యూరు ఏలూరునకును తణుకునకును నడుమ, 16వ నంబరు జాతీయ రహదారికి చేరువగ నున్నది. కోతల దినములలో వడ్లబస్తాలతో పోవు ట్రాక్టర్లకు వెనుక మినుకుమను దీపమైనను ఉండదని మనమందఱము కోపపడుదుము. ఆ కోపము న్యాయమైనదే. అయితే మన కారు వెనుక నేది వెలుగుచున్నదో, యేది వెలుగుట లేదో చూచుకొన్నవారము మనలో నెందఱము?

మా కారు సంగతి మాకు పాలవాడు చెప్పినాడు. "అమ్మగారూ, మాస్టారి కారుకి కుడిపక్క బ్రేకు లైటు వెలగటం లేదండి. నిన్న చీకటిపడే వేళ చెఱువుగట్టు మలుపులో నా బండి గుద్దేసేదే, పాలన్నీ నేలపాలయ్యేవి" అని యతడు చెప్పినప్పుడు పాలమాట యటుంచి అతని కాలుసేతుల మాట మాకు తోచి గుండె ఝల్లుమన్నది. మావారు మఱునాడే కారును పట్టణమునకు తీసికొనిపోయిరి. అక్కడి దుకాణమువారు దీపపు గూడంతయు మార్చవలయుననియు, వేలకొలది రూపాయలగుననియు చెప్పిరట. మేము కారుతోపాటు వచ్చిన పుస్తకమును తీసి చదివితిమి. మార్చవలసినది గూడు కాదు, లోపలి బల్బు మాత్రమే. దాని వెల యాబది రూపాయలకు లోపు. కారుతో వచ్చు నీ పుస్తకమును డ్రాయరులో పడవేసి మఱచిపోవుట మన యిండ్లలో వాడుక. పంచాంగమునకిచ్చు గౌరవములో పాతికవంతైనను దానికి చూపినచో నెంతో ధనము మిగులును.

ఇక బల్బు మాట. చాల కార్లలో నీ బల్బునందు రెండు తీగెలుండును. రెండును టంగ్‌స్టను లోహముతో చేసిన సన్నని చుట్టలు. 12 వోల్టుల విద్యుత్తుతో వెలుగునవి. ఒకటి 5 వాట్లది, రాత్రి దీపములు వేసినప్పుడు మందముగ వెలుగుచుండును. రెండవది 21 వాట్లది, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే ప్రకాశించును. పెద్ద తీగె తెగిపోయినను చిన్నది వెలుగుచునే యుండవచ్చును. ఇందులోనే మోసమున్నది. రాత్రివేళ కారు వెనుకకు పోయి చూచి, రెండువైపుల యెఱ్ఱగ వెలుగుచున్నవి గదా యని తృప్తిపడి లోనికి వచ్చెదము. బ్రేకు తొక్కినప్పుడు ఏమగునో చూచినవారు కారు. నడుపువాడు తన వెనుక దీపమును తాను చూచుకొనజాలడు. మఱియొకరు తోడు నిలువవలయును. పిల్లవాని నొకనిని వెనుక నిలిపి, యింజను ఆపి, చేతిబ్రేకు వేసియుంచి బ్రేకు తొక్కిన చాలును. ఎవరును లేనప్పుడు చీకటిపడిన తరువాత కారును వెనుకకు నడిపి తెల్లని గోడకు దగ్గఱగ నిలిపి తొక్కినచో, గోడమీద రెండు చోట్ల నెఱ్ఱకాంతి పడినదో లేదో అద్దములో కనబడును.

మార్చుపని కష్టము కాదు. కారును సమమైన నేలపై నిలిపి, దీపములన్నియు ఆర్పి, తాళము తీసివేసి, బల్బు చల్లాఱుటకు పది నిమిషములు వేచియుండవలెను. మా కారునకు డిక్కీ తలుపు పైకెత్తగనే దీపపు గూటి యంచున రెండు స్క్రూలు కనబడును. వానిని విప్పి యొక గిన్నెలో వేసికొనుట మంచిది. నేలమీద పెట్టిన స్క్రూ తిరిగి దొరకుట మా యింట నెన్నడును జరుగలేదు. తరువాత గూటిని రెండుచేతుల పట్టి తిన్నగ వెనుకకు లాగవలయును. లోపల ప్లాస్టిక్కు చీలలుండుటచే మొదట కొంచెము బిగువుగ నుండును. స్క్రూడ్రైవరుతో సందున పొడిచి పెకలించరాదు. రంగు గీచుకొనిపోవును, చీలలు విఱుగును. కొన్ని కార్లకు వెలుపల స్క్రూలుండవు. డిక్కీ లోపలి ప్రక్కన చిన్న మూత తీసి చేయిపెట్టవలసియుండును. ఏది యెట్లో పుస్తకములో బొమ్మవేసి చూపియుందురు.

గూడు వెలికివచ్చిన తరువాత దాని వెనుక తీగలు చేరియున్న హోల్డరును ఎడమవైపునకు త్రిప్పినచో ఊడివచ్చును. అందున్న బల్బును మెల్లగ లోనికి నొక్కి, యెడమకు త్రిప్పి తీయవలెను. గాజు పగిలియున్నచో దళసరి గుడ్డతో పట్టుకొనవలయును. కాలిన బల్బు చాలసార్లు చూడగనే తెలియును: లోపల తీగె తెగి వ్రేలాడుచుండును, లేదా గాజు పొయ్యి పొగ తగిలినట్లు నల్లబడియుండును. ఆ నలుపు పొగ కాదు. యెఱ్ఱగ కాలిన టంగ్‌స్టను ఆవిరియై గాజునకు పట్టినది. హోల్డరులో పచ్చని చిలుము పట్టియున్నచో పొడి గరుకుగుడ్డతో తుడిచివేయవలెను. మా వంటి సముద్రతీరపు జిల్లాలలో కొత్త బల్బు వేసినను వెలుగకపోవుటకు పలుమాఱు ఈ చిలుమే కారణము.

కొత్త బల్బు కొనునప్పుడు పాతదానిని చేతపట్టుకొని పోవుట ముఖ్యము. రెండు తీగెల బల్బు మొదట రెండు చిన్న పొడుపులు ఎత్తు తేడాగ నుండును. అందుచే నది యొక్క విధముగ మాత్రమే హోల్డరులో కూర్చుండును. ఒక తీగె బల్బునకు ఆ పొడుపులు సమానముగ నుండును. చూపునకు రెండును కవలపిల్లలవలె నుండుటచేత, దొరకినదానిని బలవంతముగ త్రోసి బిగించువారు లేకపోలేదు. అట్లు చేసినచో బ్రేకు తొక్కకయే దీపము ప్రకాశించును, లేదా తొక్కినను మందముగనే యుండును. వెనుక వచ్చువానికి అబద్ధము చెప్పు దీపముకంటె ఆఱిపోయిన దీపమే నయమని మా యభిప్రాయము. గూటిని తిరిగి బిగింపకముందే యొకరిచేత బ్రేకు తొక్కించి, ఒకసారి రాత్రి దీపమును వేయించి, రెండు వెలుగులను వేఱువేఱుగ చూడవలయును.

రెండువైపులను ఒక్కమాఱే వెలుగకున్న యెడల బల్బుల తప్పు కాకపోవచ్చును. రెండు బల్బులు ఒక్కనాడే కాలుట యరుదు. అప్పుడు ఫ్యూజు చూడవలెను. ఫ్యూజుల పెట్టె మూతమీద ఏది దేనిదో గుర్తులుండును. కాలిన ఫ్యూజు తలమీద ఏ అంకె యున్నదో ఆ అంకె గలదానినే వేయవలయును. తీగముక్కయో, సిగరెట్టుపెట్టె వెండికాగితమో చుట్టి పెట్టుట బండికి నిప్పు ముట్టించుకొనుటయే. ఫ్యూజు బాగుగ నున్నను వెలుగనిచో బ్రేకు పెడలుదగ్గఱనున్న స్విచ్చి చెడియుండును. అది మెకానిక్కునకు విడువవలసిన పని.

ఇటీవలి కార్లలో ఎల్‌ఈడీ దీపములు వచ్చినవి. వానికి మార్చుటకు వేఱుగ బల్బుండదు. చెడినచో గూడంతయు మార్చవలసినదే. కాని అవి తీగెదీపముకంటె సుమారు 0.2 సెకను ముందుగ వెలుగును. అరవై కిలోమీటర్ల వేగమున అది మూడు మీటర్లకు పైగ నగును.

ఈ దీపపు పుట్టుకలో నొక స్త్రీ కలదని తెలిసి మాకు సంతోషమైనది. మూగచిత్రముల కాలమున అమెరికాలో పేరుపొందిన నటి ఫ్లోరెన్స్ లారెన్స్ 1914 ప్రాంతమున, బ్రేకు తొక్కగనే కారు వెనుక 'ఆగు'మను పలక పైకి లేచునట్టి యేర్పాటును కల్పించెను. దానికామె పేటెంటు తీసికొనలేదు. ఆమె తల్లి షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ మాత్రము కారు ముందటి అద్దమును తుడుచు విద్యుత్సాధనమునకు 1917లో పేటెంటు పొందెను. అటుతరువాత 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 343 టాక్సీల వెనుక అద్దము క్రింద మూడవ బ్రేకు దీపమును పెట్టి చూచిరి. వెనుకనుండి గుద్దుకొనుటలు సుమారు 60 శాతము తగ్గినవట. 1986 నుండి అమెరికాలో కొత్త కార్లన్నిటికి అది విధిగ వచ్చెను. అందఱకు నలవాటైన పిమ్మట ఆ మేలు 4 శాతమునకు దిగినది. కొత్తది గనుకనే మొదట కన్నులకంత యానినది కాబోలు! అయినను దేశమంతటి లెక్కలో నాలుగు శాతము స్వల్పము కాదు.

మా యింట నెలకొకమాఱు, టైర్ల గాలి చూపించు నాడే, గోడముందు బ్రేకు తొక్కి చూచుట యేర్పాటు చేసికొన్నాము. అదనపు బల్బు నొకదానిని మెత్తని గుడ్డలో చుట్టి డ్రాయరులో, ఆ పుస్తకముతోపాటు ఉంచితిమి.