పోతూ పోతూ వణికించే చలి

సంక్రాంతి వెళ్ళగానే చలి తగ్గినట్టే అనుకుని దుప్పట్లు మడిచి పెట్టేస్తాం. కాని జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో కొన్ని రోజులు చలి మళ్ళీ తిరగబెడుతుంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున వణుకు పుడుతుంది.

ఎందుకిలా? ఈ రోజుల్లో ఉత్తరం నుండి పొడిగాలి వీస్తుంది, ఆకాశంలో మబ్బులుండవు. మబ్బు భూమికి దుప్పటి లాంటిది. అది లేకపోతే పగలు వేడెక్కిన నేల రాత్రికి త్వరగా చల్లబడుతుంది. అందుకే సూర్యోదయ వేళకు చలి బాగా ముదురుతుంది. నేలనంటి ఉన్న చల్లగాలి పైకి లేవదు. పొయ్యిల పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుంటాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరిగేది ఇలాంటప్పుడే.

వాతావరణ వార్తల్లో పగటి వేడిని కాక కనిష్ఠ ఉష్ణోగ్రతను చూడండి. మైదాన ప్రాంతాల్లో అది 10 డిగ్రీలకు గాని, అంతకంటే కిందికి గాని దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ శీతల గాలులుగా ప్రకటిస్తుంది. ఆదిలాబాద్ వైపు ఇలాంటి రాత్రులు ఎక్కువ. అయితే చంటిబిడ్డలకు, వృద్ధులకు అంత చలి పడనక్కరలేదు, 14 డిగ్రీలైనా ఇబ్బందే.

ఇవి గుర్తుంచుకోండి:

1. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం వద్దు. తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టండి. పాదాలు చల్లబడి, పాలు తాగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

2. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, ఐదేళ్ళలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా అది న్యుమోనియా కావచ్చు. ఆలస్యం చేయకండి.

3. చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. గుండెజబ్బు, బి.పి. ఉన్న పెద్దలు ఎండ వచ్చాకే నడకకు వెళ్ళాలి. మాత్రలు మానకూడదు.

4. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని ఎన్నడూ నిద్రపోవద్దు. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి, 108కి ఫోన్ చేయండి.

మరికొన్ని వారాలు దుప్పట్లు అందుబాటులోనే ఉంచండి. ఇంట్లో పసివారినీ పెద్దవారినీ తెల్లవారుజామున ఒక్కసారి లేచి చూడండి.