మెనింజియోమా: హార్మోన్ల మాట వినే గడ్డ

మన ఇళ్లలో 'ట్రాన్స్‌ఫర్ ఆర్డర్' అనే మాట తెలియనివారు ఉండరు. ఆ కాగితం ఆఫీసంతా తిరుగుతుంది. కానీ అందులో పేరున్నవారే సామాన్లు సర్దుకుంటారు. మిగిలినవారు చదివి పక్కన పెడతారు. మన శరీరంలో హార్మోన్లు పనిచేసే తీరు కూడా ఇంచుమించు ఇంతే. ఈ సంగతి నేను బాగా తెలుసుకున్నది మా పక్క క్వార్టర్‌లో ఉండే విజయనగరం ఆంటీ వల్ల.

ఆంటీకి చాలా నెలలుగా తలనొప్పి. చూపు మసకబారితే కళ్లజోడు మార్చారు. అయినా తగ్గలేదు. చివరికి ఇక్కడే, శ్రీ విజయపురంలో (మన నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే) స్కాన్ తీస్తే తలలో గడ్డ కనిపించింది. ఆపరేషన్‌కు చెన్నై వెళ్లాలన్నారు. "మెదడు క్యాన్సరట" అని క్వార్టర్స్‌లో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్లమ్మాయి నా క్లాస్‌మేట్. రెండు రోజులు స్కూలుకు రాలేదు. మూడో రోజు వచ్చి నాతో, "డాక్టరుగారు అమ్మని హార్మోన్ల మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. తలలో గడ్డకీ హార్మోన్లకీ సంబంధం ఏమిటి?" అంది. ఇద్దరం బయాలజీ టీచర్ని అడిగి, చదివి తెలుసుకున్నది ఇదీ.

అది మెదడులో పుట్టిన గడ్డ కాదు

మెదడును మూడు పొరలు కప్పి కాపాడతాయి. బయట గట్టిగా ఉండేది డ్యూరా. మధ్యలో సాలెగూడులా ఉండేది అరాక్నాయిడ్. మెదడును అంటుకుని ఉండేది పియా. మధ్య పొర కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే గడ్డే మెనింజియోమా. 1922లో ఈ పేరు పెట్టినవారు అమెరికా సర్జన్ హార్వే కుషింగ్. ఇది పొరలో పుట్టి మెదడును నొక్కుతుంది. చూపు నరాన్ని నొక్కితే చూపు మందగిస్తుంది. నూటికి 80 దాకా మొదటి గ్రేడు గడ్డలే. ఇవి మెల్లగా పెరుగుతాయి, ఒంట్లో వేరే చోట్లకు పాకవు. క్వార్టర్స్‌లో గుసగుసలకు ఇదే మొదటి జవాబు.

పేరున్న కణమే అందుకుంటుంది

హార్మోను గ్రంథిలో తయారై రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. దాన్ని అందుకునే ప్రోటీను ఉన్న కణమే స్పందిస్తుంది. ఆ ప్రోటీనే గ్రాహకం, అంటే రిసెప్టర్. ఇన్సులిన్ గ్రాహకం గుమ్మం దగ్గరి పోస్టు డబ్బాలా కణత్వచం మీద ఉంటుంది. ప్రొజెస్టెరాన్ అలా కాదు. అది కొవ్వులో కరిగే స్టిరాయిడ్ కాబట్టి కణత్వచం దాటి లోపలికే వెళ్తుంది. లోపలున్న గ్రాహకంతో కలిసి, కేంద్రకంలోని డీఎన్‌ఏను పట్టుకుని కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది.

మెనింజియోమా మగవారికన్నా ఆడవారిలో రెండు రెట్లకు పైగా కనిపిస్తుంది. కొందరికి గర్భంతో ఉన్నప్పుడు లక్షణాలు పెరిగి, కాన్పు తర్వాత తగ్గడం డాక్టర్లు గమనించారు. దాంతో హార్మోన్ల మీద అనుమానం వచ్చింది. 1979లో ఈ గడ్డల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్నాయని ఒక పరిశోధన వచ్చింది. తర్వాత చూస్తే వాటికన్నా ప్రొజెస్టెరాన్ గ్రాహకాలే ఎక్కువ. ప్రతి మూడు గడ్డల్లో సుమారు రెండింటిలో అవి ఉంటాయి.

తాళం వేస్తే ఆగిందా?

గ్రాహకానికి అడ్డుపడితే గడ్డ ఆగాలి కదా! ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌లో టామాక్సిఫెన్ అలాగే పనిచేస్తుంది. అందుకే ప్రొజెస్టెరాన్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్‌ను 164 మంది రోగులతో పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి మందులేని మాత్ర ఇచ్చారు. 2015లో ఫలితం వచ్చింది: రెండు గుంపులకూ తేడా లేదు! గ్రాహకం ఉండటం వేరు, గడ్డ దాని మీదే బతకడం వేరు అని అప్పుడు అర్థమైంది.

అయితే గ్రాహకం సంగతి వృథా కాలేదు. ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే సైప్రోటెరోన్ అనే మందును పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడినవారిలో ఈ గడ్డలు ఎక్కువగా కనిపించాయి. 2020లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దాని వాడకాన్ని తగ్గించమంది. మందు ఆపాక చాలామందిలో గడ్డ పెరగడం ఆగింది, కొందరిలో చిన్నదైంది కూడా. డాక్టరుగారు అడిగిన ప్రశ్న వెనుక ఉన్నది ఇదే. తీసిన గడ్డలో ప్రొజెస్టెరాన్ గ్రాహకం ఉందో లేదో ల్యాబులో చూస్తారు. దూకుడుగా పెరిగే గడ్డల్లో అది తక్కువగా ఉంటుంది.

ఆంటీ అలాంటి మందులేవీ వాడలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. రిపోర్టులో మొదటి గ్రేడు అని, ప్రొజెస్టెరాన్ గ్రాహకం ఉందని వచ్చింది. చూపు చాలావరకు తిరిగి వచ్చింది. గడ్డ మళ్లీ వస్తుందేమో చూడటానికి ఏటా స్కాన్ తీయించుకోవాలి.

తలనొప్పులన్నీ గడ్డలు కావు, భయపడక్కర్లేదు. కానీ రోజురోజుకూ పెరుగుతూ, చూపు కూడా తగ్గుతుంటే కళ్లజోడు మార్చి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరైనా హార్మోన్ల మందు వాడుతుంటే ఇది చదివి సొంతంగా మానేయకండి, డాక్టర్ని అడగండి. మనం రెండు మూడేళ్లకోసారి ఊరు మారతాం, డాక్టరు కూడా మారతారు. కాబట్టి పాత స్కాన్లు, రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోవాలి. కిందటి నెల అంకుల్‌కు విశాఖ ట్రాన్స్‌ఫర్ అయింది. సామాన్లు ఓడలో వెళ్లాయి. ఆ ఫైలు మాత్రం నా క్లాస్‌మేట్ చేతి సంచిలోనే ఉంది.