బోనపు ఘటము: పాకజరూపము, లేపరూపము

హైదరాబాదు పాతనగరమందలి లాల్‌దర్వాజాలో సింహవాహినీ మహంకాళి అమ్మవారికి ఆషాఢమాసమున సమర్పించు బోనాలు సుప్రసిద్ధములు. భోజనశబ్దభవమైన ‘బోనము’ నైవేద్యమునే గాక, దానిని మోయు ఘటమును గూడ బోధించును. ఘటమునకు పసుపు పూసి, సున్నపు చారలు, కుంకుమబొట్లు తీర్చి, వేపరెమ్మలు కట్టి, పైన గురిగి నుంచి దీపము వెలిగింతురు. ఈ వర్ణరచన స్వరూపమేమో ఇచట విచారింపబడుచున్నది.

తార్కికులు పృథివియందలి రూపము అగ్నిసంయోగముచే మారునని, అది పాకజమని చెప్పిరి. నల్లని పచ్చికుండ కాలి ఎర్రనగుట ప్రసిద్ధోదాహరణము. మార్పు పరమాణువులందని వైశేషికులు, అవయవియైన ఘటమునందేయని నైయాయికులు వాదించిరి. కుండకు పూసిన పసుపు మాత్రము ద్రవ్యాంతరపు రూపము, ఘటరూపము కాదు.

ఈ భేదము జపానుదేశపు పాత్రచిత్రణముతో పోల్చినచో స్ఫుటమగును. క్యూషూ ద్వీపమందలి అరితాలో 17వ శతాబ్ది ఆరంభమున పింగాణి పరిశ్రమ మొదలైనది. అచట ఒక పద్ధతిలో, మెరుగుపూతకు ముందే కోబాల్టు వర్ణమును కుంచెతో వేసి, పైన పూత పోసి, సుమారు 1300 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చెదరు. నీలిరేఖ పూత క్రింద శాశ్వతముగ నిలుచును. పూతలేని పాత్ర తడిని వెంటనే పీల్చును గనుక వేసిన గీతను దిద్దుట దుష్కరము. 17వ శతాబ్ది మధ్యభాగమున వచ్చిన రెండవ పద్ధతిలో, కాలిన పూతపై ఎరుపు, ఆకుపచ్చ మొదలగు రంగులు వేసి, సుమారు 800 డిగ్రీలలో పునఃపాకము చేసెదరు. కాకియెమోన్ వంశీయులు దీనికి ప్రసిద్ధులు. రెంటియందును లేపము పాకముచే పాత్రతో ఏకమగును.

బోనపు ఘటమున పాకము ముందు, వర్ణము వెనుక. అయినను ఇచట అగ్ని లేకయే ఒక మార్పు కలుగును: తడిపసుపు సున్నమును తాకినచోట ఎరుపు పుట్టును. రెండు వర్ణముల సంయోగమున మూడవది జనించుట ఇందలి విశేషము. పండుగ ముగియగా రంగు చెదరును. మరుసటి ఏట ఇంటి స్త్రీలు మరల తీర్తురు.

ఇటీవల నూనెరంగులు పూసిన కుండలు, ఇత్తడి బిందెలు వాడుకలోనికి వచ్చినవి. నూనెరంగు చెదరదు గనుక ఏటేట తీర్చవలసిన పని యుండదు. తల్లి చేయి చూచి కూతురు నేర్చు అవకాశమును తగ్గును. జపానులో చిత్రమును నిలుపునది కొలిమి. లాల్‌దర్వాజాలో దానిని నిలుపునది ఏటేటి పునఃకరణమే. తర్కపాఠమున ఘటమును ఉదాహరించునపుడు అధ్యాపకులు ఈ ఘటమును గూడ చూపదగును.