వెల కట్టలేని విల్లు

పాత వాద్యాలకు ప్రపంచంలో పెద్ద అంగడియే ఉన్నది. అమెరికాలో మార్టిన్ సంస్థ 1959లో తయారు చేసిన గిటారు ఒకటి 2020లో జరిగిన వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. 1993లో గాయకుడు కర్ట్ కొబేన్ ఒక టెలివిజన్ కచేరీలో వాయించిన గిటారు అది. కొయ్యకు, వయస్సుకు, ఒకనాడు మీటిన చేతికి కలిపి కట్టిన వెల! ఆ వార్త చదివినప్పుడు, మన బైలడిల్లా చుట్టూ ఉన్న బస్తరు సీమలో సేకరింపదగిన వాద్యాలేవి అన్న జిజ్ఞాస మాకు కలిగింది.

కొనదలచినవారికి సులుర్ ఉన్నది. వెదురుతో చేసిన ఈ వేణువును ఊదనక్కరలేదు. చేతబట్టి గాలిలో విసిరితే చాలు, దానంతట అదే మ్రోగుతుంది. నారాయణ్‌పూర్ జిల్లాకు చెందిన పండిరామ్ మండావికి 2025లో పద్మశ్రీ లభించడంతో దీని పేరు దూరప్రాంతాలకూ తెలిసింది. బదిలీపై వెళ్ళే మిత్రులకు చక్కని కానుక. (గోడకు తగిలించి మరచిపోక, అప్పుడప్పుడు విసరవలసిందిగా మనవి.)

కాని మమ్ములను అబ్బురపరచినది ధన్‌కుల్. కుదురుపై మట్టికుండ నుంచి, దాని మూతికి చేట బోర్లించి, ఆ చేటపై వింటి కొనను ఆనిస్తారు. వింటిబద్దపై వరుసగా గాట్లు ఉంటాయి. గురుమాయి అని పిలువబడే గాయకురాలు ఒక చేత వెదురు పుల్లతో ఆ గాట్లను రాస్తూ, రెండవ చేత అల్లెత్రాటిని లాగి వదలుతుంది. గరగరమనే లయ ఒకటి, జుమ్మనే నాదం మరొకటి. గిటారుకు బోలుపెట్టె చేసే పనిని ఇక్కడ కుండ చేస్తుంది. మన ఉత్తరాంధ్ర జముకుల కథ విన్నవారికి ఆ తీగనాదం పరాయిదిగా తోచదు.

ఈ వాద్యంతో గురుమాయిలు హల్బీ భాషలో రాత్రుల తరబడి జాగర్ గాథలు గానం చేస్తారు. వాటిలో లఛ్మీ జాగర్ ధాన్యలక్ష్మి కథ. విడదీస్తే చేట చేటయే, కుండ కుండయే. వేలంపాటవారు వచ్చినా దేనిని ఎత్తుకొని పోగలరు?

పోగొట్టుకొనగలిగినది మాత్రం ఉన్నది. ఆ సుదీర్ఘ గాథ గురుమాయి జ్ఞాపకంలోనిది. నేర్చుకొనే పడుచులు లేకపోతే ఆమెతోనే ముగుస్తుంది. ఈ సంగతి గ్రహించి కొండాగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీతో కలిసి, గురుమాయి సుక్‌దయి గానం చేసిన లఛ్మీ జాగర్‌ను 2003లో గ్రంథరూపంలో వెలువరించారు. రంగస్థల కళాకారుడు అనూప్ రంజన్ పాండే బస్తరు వాద్యాలను సేకరించడంతో ఆగక, వాటిని వాయించేవారిని కూడా చేరదీసి 'బస్తర్ బ్యాండ్' నెలకొల్పారు. 2019లో పద్మశ్రీ అందుకొన్నారు. సేకరణ అంటే ఇదియే అని మా అభిప్రాయం.

లఛ్మీ జాగర్ వరికోతల తరువాతి వేడుక. ఆ రోజులలో జగ్దల్‌పూర్ నుండి రాయపూర్ దారిలో కొండాగావ్ మీదుగా ప్రయాణించే మన సహోద్యోగులు ఎక్కడ జాగర్ జరుగుతున్నదో విచారించి, ఇంటివారి అనుమతితో ఒక మూల కూర్చుని వినవచ్చును. చలి జాస్తి, కంబళి మరువవద్దు.