ఖాతా నిండా బాకీలు... ఖజానా నిండుకుంది!

కన్నవాళ్లను చూసుకోవాల్సింది పిల్లలు. పిల్లలు లేకపోతే? ఉండీ చూడలేకపోతే? ‘మేం చూస్తాం’ అంది అమెరికాలో ఓ కౌంటీ. వందేళ్లకు పైగా చూసింది కూడా. చివరికి జమాఖర్చుల దగ్గర చేతులెత్తేసింది. ఇంతకీ లెక్క ఎక్కడ తప్పింది?

షికాగో నుంచి దక్షిణంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలే. ఆ చేల నడుమ జంట ఊళ్లు... షాంపేన్, అర్బానా. పేరున్న ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. మన తెలుగు పిల్లలు ఏటా విమానమెక్కి వెళ్లేదీ అక్కడికే. ఆ అర్బానాలోనే ‘షాంపేన్ కౌంటీ నర్సింగ్ హోమ్’ ఉండేది. 243 పడకలు. యజమాని ఓ సేఠ్ కాదు, కంపెనీ కాదు. సాక్షాత్తూ కౌంటీ ప్రభుత్వం.

2017 ఏప్రిల్‌లో ఆ కౌంటీ ఓటర్ల ముందు రెండు ప్రశ్నలు పెట్టారు. నర్సింగ్ హోమ్‌ను నిలబెట్టడానికి ఆస్తిపన్ను పెంచుకోనిస్తారా? లేదంటే దాన్ని వదిలించుకునే అధికారం కౌంటీ బోర్డుకు ఇస్తారా? జనం మొదటి ప్రశ్నకు ‘ఊహూఁ’ అన్నారు. రెండోదానికి ‘సరే’ అన్నారు. అంతే!

అంతటితో కథ అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అసలు కథ ఆ ఓటుకు ముందు కొన్నేళ్లపాటు కౌంటీ బోర్డు బల్ల మీద నడిచింది. నెలనెలా వచ్చిపడే లెక్కల కాగితాల్లో నడిచింది.

ముందుగా ఓ మాట. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే సందు చివర ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, అపెండిసైటిస్ ఆపరేషన్లు. అమెరికాలో అలా కాదు. తనంతట తాను లేవలేని, స్నానం చేయలేని, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు చివరిదాకా ఉండిపోయే చోటు అది. వృద్ధాశ్రమానికీ ఆసుపత్రికీ మధ్యలో ఉంటుందనుకోవచ్చు. ఇక కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. కౌంటీ బోర్డు అంటే జిల్లా పరిషత్‌లాంటిది. కాకపోతే పన్ను వేసే అధికారమూ, జైలూ, కోర్టు భవనమూ కూడా దాని చేతిలోనే ఉంటాయి. షాంపేన్ బోర్డులో 22 మంది సభ్యులు. ఎవరికీ అదే పూర్తికాలపు పని కాదు. పగలు సొంత పని, సాయంత్రం మీటింగు.

గతిలేనివాళ్ల పొలం

జిల్లా పరిషత్‌కు ముసలివాళ్ల ఇల్లు నడిపే పనేమిటి అని అనుమానం రావచ్చు. దానికి పందొమ్మిదో శతాబ్దానికి వెళ్లాలి. నా అన్నవాళ్లు లేని పేదల్ని, రోగుల్ని కౌంటీలు ఊరిబయట ‘పూర్ ఫామ్’ అనే చోట ఉంచేవి. ఒంట్లో ఓపికున్నవాళ్లు పొలం పని చేయాలి, లేనివాళ్లు మూల కూర్చోవాలి. షాంపేన్‌తో సహా అమెరికాలో చాలా కౌంటీ నర్సింగ్ హోమ్‌ల మూలాలు ఆ పొలాల్లోనే ఉన్నాయి.

1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. పేద వృద్ధులకు సాయం ఇస్తామంది. కానీ ఓ మెలిక పెట్టింది... ప్రభుత్వ సంస్థల్లో ఉండేవాళ్లకు మాత్రం ఇవ్వబోమంది. ఆ పూర్ హౌస్‌లను ఖాళీ చేయించాలన్నది ఉద్దేశం. ఫలితంగా డబ్బు పుట్టేవాళ్లు ప్రైవేటు హోమ్‌లకు తరలారు. ఎటూ పోలేనివాళ్లు కౌంటీ దగ్గరే మిగిలారు. 1950లో ఆ మెలిక సడలించారు. కానీ ఎవరూ చేర్చుకోనివాళ్లను చేర్చుకునే చోటు అన్న ముద్ర మాత్రం కౌంటీ హోమ్‌లకు పోలేదు. ఒక విధంగా చూస్తే అది వాటి గొప్పతనం. చిట్టా పుస్తకంలో చూస్తే మాత్రం అదే వాటి జబ్బు.

చేతిలో 30 డాలర్లు

అమెరికాలో నర్సింగ్ హోమ్ ఖర్చు ఇప్పుడు సగటున ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. అంత ఎవరు కడతారు? 65 దాటినవారికి ఇచ్చే మెడికేర్ కడుతుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అది ఆసుపత్రి నుంచి వచ్చాక కోలుకునే రోజులకే కడుతుంది... అదీ గరిష్ఠంగా 100 రోజులు. ఆ తర్వాత సొంత డబ్బే. దాచుకున్నదంతా కరిగి, చాలా రాష్ట్రాల నిబంధన ప్రకారం రెండు వేల డాలర్లకు దిగాక పేదల పథకమైన మెడికెయిడ్ చేయందిస్తుంది. అప్పటినుంచీ వాళ్ల పింఛను కూడా హోమ్‌కే పోతుంది. చేతిఖర్చుకు మిగిల్చే మొత్తం కేంద్ర చట్టం ప్రకారం కనీసం నెలకు 30 డాలర్లు. మనవరాలి పుట్టినరోజుకు కానుక కొనాలన్నా అందులోంచే.

దేశంలోని నర్సింగ్ హోమ్‌లలో ఉంటున్న ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురి బిల్లు కట్టేది మెడికెయిడే. ఆ రేటు నిర్ణయించేది రాష్ట్రం. ఇల్లినాయిస్ ఇచ్చే రేటు తక్కువని అక్కడి హోమ్‌లన్నీ ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. (గ్రీన్‌కార్డు మీద కొత్తగా వెళ్లిన మన అమ్మానాన్నలకైతే, 1996 నాటి చట్టం ప్రకారం సాధారణంగా మొదటి ఐదేళ్లూ మెడికెయిడ్ వర్తించదు. పెద్దవాళ్లను శాశ్వతంగా తెచ్చుకోవాలనుకునే పిల్లలు ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.)

కాగితం మీద ఆదాయం

రేటు తక్కువ కావడం ఒక బాధ. షాంపేన్‌ను మరింతగా దెబ్బతీసింది వేరే ఉంది.

ఓ పెద్దాయన హోమ్‌లో చేరాడనుకుందాం. మెడికెయిడ్‌కు దరఖాస్తు పెట్టాడు. నిబంధన ప్రకారం 45 రోజుల్లో అవునో కాదో తేల్చాలి. ఇల్లినాయిస్‌లో ఆ గడువు దాటి నెలలకు నెలలు పట్టేది. ఈలోగా ఆయనకు అన్నం పెట్టాలి, మందులివ్వాలి, రాత్రిపూట ఇటు నుంచి అటు తిప్పాలి. బయటికి పంపడానికి లేదు. హోమ్ మాత్రం రోజుకింత చొప్పున ఆయన పేరిట రాసుకుంటూ పోతుంది. రోజుకు 150 డాలర్లు అనుకుంటే, ఆరు నెలలకు 27 వేలు. అలాంటివాళ్లు ఇరవై మంది ఉంటే 5 లక్షల 40 వేలు! పుస్తకంలో అదంతా ‘ఆదాయం’. బ్యాంకులో మాత్రం సున్నా.

మనకిది కొత్తేం కాదు. ఆరోగ్యశ్రీ బకాయిలు విడుదల చేయకపోతే సేవలు ఆపేస్తామని ఆసుపత్రులు ప్రకటించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. తేడా ఒక్కటే. ఆసుపత్రి రేపటి ఆపరేషన్ వాయిదా వేయగలదు. నర్సింగ్ హోమ్ రేపటి భోజనం వాయిదా వేయలేదు.

ఇంకో మలుపు కూడా ఉంది. దరఖాస్తు పెట్టిన మనిషి గడిచిన ఐదేళ్లలో ఆస్తి ఎవరికైనా రాసిచ్చాడా అని ప్రభుత్వం వెనక్కి తిరిగి చూస్తుంది. ఎప్పుడో మనవడికి ప్రేమగా ఇచ్చిన డబ్బు అందులో బయటపడితే కొన్ని నెలలపాటు సాయం అందదు. అప్పటిదాకా ‘రావలసిన బాకీ’గా ఉన్నది ఒక్కసారిగా మొండి బాకీ అయిపోతుంది. అంటే రెండేళ్ల కిందట లాభంలో ఉన్నామని బోర్డుకు చెప్పిన లెక్క, రెండేళ్ల తర్వాత తప్పని తేలుతుంది. దొంగతనం లేదు. దాపరికమూ లేకపోవచ్చు. అయినా లెక్క తప్పే!

అందరూ చూసేవాళ్లే...

మరి పర్యవేక్షణ లేదా అంటే, కావలసినంత ఉంది. కౌంటీకి ఎన్నికైన ట్రెజరర్ ఉంటారు, ఆడిటర్ ఉంటారు. నర్సింగ్ హోమ్‌కు విడిగా ఓ బోర్డు. రోజువారీ నిర్వహణకు బయటి సంస్థ. వీళ్లందరి మీద 22 మంది కౌంటీ బోర్డు. చట్టప్రకారం సమావేశాలన్నీ బహిరంగమే, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నెలనెలా కాగితాలు వస్తాయి... ఎన్ని పడకలు నిండాయి, వాటిలో మెడికేర్ ఎన్ని, మెడికెయిడ్ ఎన్ని, సొంత డబ్బు కట్టేవాళ్లెందరు.

చూడాల్సిన అంకెలు ఇవే. పడకలు 90 శాతం నిండినా ఎక్కువమంది మెడికెయిడ్‌వాళ్లే అయితే నష్టం. మెడికేర్ రోగులు పదిమంది తగ్గితే నెల లెక్క తలకిందులు. ఆయాలు, నర్సులు మానేస్తే ఏజెన్సీ నుంచి గంటకింతని ఎక్కువకు తెచ్చుకోవాలి. సొంత సిబ్బందేమో కౌంటీ ఉద్యోగులు, యూనియనూ పింఛనూ ఉన్నవాళ్లు. ఆ ఉద్యోగాల వల్లే మనుషులు ఏళ్లపాటు అక్కడే ఉండి, ఒక్కో పెద్దావిడకు ఏ కూర నచ్చుతుందో తెలుసుకోగలిగేవారు. దాని ధర కూడా లెక్కలోకి వస్తుంది.

షాంపేన్ జనానికి ఈ హోమ్ మీద అభిమానం లేదనలేం. 2002లో వాళ్లే ఓటేసి కొత్త భవనానికీ నిర్వహణకూ పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. కడుతుండగానే లోపల బూజు పట్టి పని నిలిచింది, ఖర్చు పెరిగింది. 2007లో కొత్త ఇంట్లో చేరారు. అక్కణ్నుంచి నగదు కటకట మొదలైంది. హోమ్ నిధి వేరు, కౌంటీ సాధారణ నిధి వేరు. కాగితం మీద హోమ్ తన ఖర్చు తానే రాబట్టుకోవాలి. చాలనప్పుడు సాధారణ నిధి నుంచి అప్పు తెచ్చారు. సరుకులు, మందులు ఇచ్చేవాళ్లకు బిల్లులు ఆలస్యమయ్యాయి.

అసలే అలా ఉంటే, 2015 జులై నుంచి రెండేళ్లు ఇల్లినాయిస్ రాష్ట్రానికి పూర్తి బడ్జెట్టే లేదు! గవర్నర్‌కూ శాసనసభకూ పడలేదు. 2017 నాటికి రాష్ట్రం చెల్లించాల్సిన బిల్లులు 1500 కోట్ల డాలర్లు దాటిపోయాయి. రాష్ట్రం కౌంటీకి బాకీ, కౌంటీ కిరాణా సరుకిచ్చేవాడికి బాకీ. ఓటర్ల ముందుకు ఆ రెండు ప్రశ్నలు వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే. ‘ఇంకెన్నాళ్లు?’ అని జనం అడిగారంటే తప్పుపట్టడం కష్టం. కానీ అప్పటికి జవాబు చెప్పాల్సినవాళ్లు కౌంటీ బోర్డులో కాదు, రాష్ట్ర రాజధానిలో ఉన్నారు.

ఒక్కరోజు మాయాజాలం

అన్ని కౌంటీలూ అమ్ముకోలేదు. పెన్సిల్వేనియాలోని నార్తాంప్టన్ కౌంటీకి గ్రేస్‌డేల్ అనే పెద్ద నర్సింగ్ హోమ్ ఉంది. నష్టాలు చూసి దాన్ని అమ్మేద్దామనుకుంది కౌంటీ. జనం సంతకాలు సేకరించి కోర్టుదాకా వెళ్లారు. 2011 మేలో ఓటింగు జరిగింది. ఐదేళ్లు అమ్మకూడదని భారీ మెజారిటీతో తీర్పిచ్చారు. అదే దేశం, అదే మెడికెయిడ్. రెండు కౌంటీలు, రెండు జవాబులు.

పెన్సిల్వేనియాలోనే మరో చిత్రం జరిగింది. మెడికెయిడ్ ఖర్చులో కొంత రాష్ట్రం పెడితే మిగతాది కేంద్రం ఇస్తుంది. రాష్ట్ర వాటాలో కౌంటీలు కూడా కొంత వేయొచ్చు. 2000 జూన్‌లో ఓరోజు కొన్ని కౌంటీలు కలిసి బ్యాంకు నుంచి దాదాపు 70 కోట్ల డాలర్లు అప్పు తీసుకుని రాష్ట్రానికి పంపాయి. రాష్ట్రం అదే సొమ్మును ‘కౌంటీ నర్సింగ్ హోమ్‌లకు చెల్లింపు’ పేరుతో ఒక్కరోజులోనే వెనక్కి పంపింది. డబ్బు ఎక్కడిదక్కడికి చేరింది. కానీ చెల్లింపు జరిగినట్టు కాగితం పుట్టింది కదా! దాన్ని చూపించి కేంద్రం నుంచి సుమారు 39 కోట్ల డాలర్లు రాబట్టారు. ఇది చట్టవిరుద్ధం కాదు, నిబంధనలోని సందు అంతే. కేంద్ర ఆడిటర్లు బయటపెట్టాక 2001లో ఆ నిబంధన బిగించారు.

ఇండియానాలో ఇంకో దారి పట్టారు. కౌంటీ ఆసుపత్రులు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల లైసెన్సులు తమ పేరిట పెట్టుకున్నాయి. ప్రభుత్వ హోమ్‌లకు వచ్చే అదనపు మెడికెయిడ్ నిధుల కోసం! అలా ఆ రాష్ట్రంలో నూటికి 90కి పైగా హోమ్‌లు కాగితం మీద ప్రభుత్వానివే అయిపోయాయి. ఆ డబ్బులో పెద్ద భాగం ఆసుపత్రులకు పోయిందనీ, హోమ్‌లలో సిబ్బంది కొరత అలాగే ఉందనీ 2020లో ఇండియానాపోలిస్ స్టార్ పత్రిక రాసింది.

అమ్మాక...

షాంపేన్ కౌంటీ బోర్డు 2018లో అమ్మకానికి ఆమోదం తెలిపింది. 2019 ఏప్రిల్‌లో హోమ్ చేతులు మారింది. ధర సుమారు కోటీ 10 లక్షల డాలర్లు. 2028 దాకా దాన్ని నర్సింగ్ హోమ్‌గానే నడపాలని షరతు రాయించుకున్నారు. ఆ కాగితం చూసి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

అమ్మేసిన తర్వాత పడకల లెక్కలు, బాకీల లెక్కలు నెలనెలా బోర్డు బల్ల మీదికి రావు. చూసే హక్కూ ఉండదు. 2022లో కొత్త యాజమాన్యం రాష్ట్ర ప్రభుత్వ అనుమతికి దరఖాస్తు పెట్టింది... హోమ్‌ను మూసేస్తామని. షరతు ఏమైందంటూ కౌంటీ కోర్టుకెక్కింది. వాదనలు నడుస్తుండగానే పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ వేరే చోట్లకు పంపారు. అలా హోమ్ మూతపడింది. అప్పటికి షరతు గడువు ఇంకా కొన్నేళ్లు మిగిలే ఉంది.